ఎరవు పాత్రలు

అపార్టుమెంట్లను గూర్చి చట్టము ఒక చిత్రమైన మాట చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1987లో చేయబడిన అపార్టుమెంట్ల చట్టము ప్రకారము, ఫ్లాటు కొనినవానికి తన నాలుగు గోడల నడుమనున్న గదులు మాత్రమే గాక, ఉమ్మడి మెట్లయందును, క్రింది నేలయందును విడదీయరాని వాటా సంక్రమించును. ఇతర రాష్ట్రములలోను ఇట్టి చట్టములు కలవు. ఫ్లాటును అమ్ముకొనవచ్చును గాని, మెట్లలో తన భాగమును గీత గీసి వేరుచేసికొనుటకు వీలులేదు. ఒకే ట్యాంకు నీరు త్రాగుచు, ఒకే మెట్లపై ఎక్కుచు దిగుచు ఉండు ఆ కుటుంబములను చట్టము అంత దగ్గరగా ముడివేసియున్నది. అయినను ఎదురింటివారి పేరును లిఫ్టు ప్రక్కనున్న పలకపై చదువుటయే గాని నోరార పిలిచి ఎరుగనివారు అనేకులు.

పల్లెలో ఇరుగుపొరుగు ప్రేమలు ఎంతో గొప్పగా ఉండెననియు, పట్టణము వచ్చి వాటిని పాడుచేసెననియు వాపోవుట సులభము. ఆ పల్లెలో దళితవాడ ఊరికి వెలుపల ఉండెనని అట్లు వాపోవువారు మరచుచుందురు. అన్ని కులములవారును, అన్ని మతములవారును ఒకే మెట్లపై నడచుట, ఒకరి తలుపునకు ఎదురుగా మరియొకరి తలుపు ఉండుట, మూడు తరముల క్రిందట తెలుగునాట పెక్కు ఊళ్లలో ఊహింపరాని సంగతి. కావున అపార్టుమెంటు కేవలము ఒంటరితనపు గూడు కాదు. వెనుకటి కాలము ఇయ్యని అవకాశమొకటి అది ఇచ్చియున్నది.

అయితే ఆ మెట్ల వరకు చేరుటయే అందరికి సాధ్యము కాదు. అద్దె యిల్లు వెదకువాడు "మీరెవరు?" అను ప్రశ్నను ఎదుర్కొనును. దానికి పేరు చెప్పిన చాలదు. కులము చెప్పవలెను, మతము చెప్పవలెను, వంటయింటిలో ఏమి ఉడుకునో చెప్పవలెను. ముస్లిము కుటుంబములకును, దళితులకును, క్రైస్తవులకును ఈ అనుభవము క్రొత్తది కాదు. అహ్మదాబాదులోని ఒక పార్సీ సహకార గృహనిర్మాణ సంఘమునకు సంబంధించిన వ్యాజ్యములో, సభ్యత్వమును తమ వారికే పరిమితము చేసికొను నియమము చెల్లునని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. న్యాయస్థానము చూచినది సంఘములు ఏర్పరచుకొను హక్కును. మనస్సాక్షి ముందు నిలుచు ప్రశ్న వేరు. తనను బయట నిలిపిన గోడను గూర్చి దుఃఖించిన క్రైస్తవుడే, విశ్వాసులు మాత్రమే నివసించు కాలనీలో స్థలము దొరికినప్పుడు "ఇక ప్రశాంతముగా ఉండును" అని సంతోషించుట కద్దు. ఆ ప్రశాంతత ఎవరు లేకపోవుటవలన కలిగినదో అతడు ఆలోచింపవలసియున్నది.

ఇక, అందరి నడుమ కాపురమున్న క్రైస్తవ కుటుంబము పొరుగువారికి చేయి చాచుట అనగా సాధారణముగా ఏమి జరుగుచున్నది? క్రిస్మసు వారములో అన్ని అంతస్తులకు కేకు ముక్కలు వెళ్లును. కేకుతోపాటు ఒక కరపత్రము వెళ్లును. నెల తిరుగకమునుపే కుటుంబ ప్రార్థనకు రమ్మని ఆహ్వానము వెళ్లును. వీటిలో ఏదియు తప్పు కాదు. కాని పొరుగువారు తెలివిలేనివారు కారు. ఎరలోని గాలమును చేప కనిపెట్టదేమో గాని మనుష్యుడు కనిపెట్టును. కేకు తీసికొనుచు చిరునవ్వు నవ్విన గృహిణి తలుపు మూసిన తరువాత భర్తతో ఏమి చెప్పునో ఊహించుట కష్టము కాదు.

ఇచ్చట ఒక నిజమైన చిక్కు ఉన్నది. ఉద్దేశముతో కూడిన స్నేహము స్నేహమగునా? కాదని చెప్పువారి మాటలో బలమున్నది. ఒక మనుష్యుని మరియొక పనికి సాధనముగా చేసికొనుట, ఆ పని ఎంత పరిశుద్ధమైనదైనను, ఆ మనుష్యుని తక్కువచేయుటయే. మరియొక పక్షమువారి మాటలోను బలమున్నది. తనకు ప్రాణముకంటె విలువైనదని నమ్మినదానిని స్నేహితునికి ఎన్నటికిని చెప్పక దాచు స్నేహము సంపూర్ణమైనదెట్లగును? విశ్వాసమును మూటగట్టి అటకపై పెట్టి, వానలను గూర్చియు ధరలను గూర్చియు మాత్రమే మాటలాడువానిని నిజాయితీపరుడనుటకు వీలులేదు.

ఈ చిక్కు తెలుగు క్రైస్తవ సంఘమునకు క్రొత్తది కాదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణ భారతదేశమును పీడించిన కరవులో, ఒంగోలులో సేవచేసిన జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగమును త్రవ్వించు కాంట్రాక్టు తీసికొని, ఆకలితో వచ్చిన వేలాదిమందికి కూలి చూపెను. వారిలో అనేకులు బాప్తిస్మము కోరిరి. కరవు సాయము నడచుచున్న ఆ కాలములో ఆయన బాప్తిస్మములు ఇచ్చుట నిలిపివేసెను. అన్నము కొరకు వచ్చిరన్న మాట వారికి గాని సువార్తకు గాని రాకూడదని ఆయన తలంపు. సాయము ముగిసిన తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ యేటిలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య తెలుగు బాప్తిస్టులలో అనేకులకు కంఠస్థము. దానికి ముందు ఓపికతో గడచిన నెలలు అంతగా జ్ఞాపకము చేయబడుటలేదు. సంఖ్యకంటె ఆ నెలలే ఎక్కువగా బోధించుచున్నవి. అన్నమును అన్నముగా ఇయ్యవలెను. సువార్తను సువార్తగా చెప్పవలెను. ఒకదానిని రెండవదానికి వెలగా పెట్టినయెడల రెండును చెడును.

అపార్టుమెంటులో ఈ పరీక్ష చిన్న రూపములో వచ్చును. రెండవ అంతస్తు ఆమె ఒకనాడు మృదువుగా, "మాకు ప్రార్థనలూ అవీ వద్దండీ, మీరు మాత్రం వస్తూ ఉండండి" అనును. ఆ మరుసటి వారము క్రైస్తవ గృహిణి ఆ తలుపు తట్టునా, తట్టదా? అంతవరకు జరిగిన రాకపోకలన్నిటి స్వభావము ఆ ఒక్క వారములో బయటపడును. తట్టినయెడల, ఏనాడైన ఆమె తన విశ్వాసమును గూర్చి నోరు తెరచినప్పుడు ఆ మాట వినదగినదగును.

అయినను ఉద్దేశముకంటె లోతైన కొరత ఒకటి ఉన్నది. దానిని గూర్చి సంఘములలో తక్కువగా మాటలాడుదురు. క్రైస్తవుడు ఇచ్చుటకు ఎల్లప్పుడు సిద్ధపడును, పుచ్చుకొనుటకు సిద్ధపడడు.

రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయములో అప్పులపాలైన విధవరాలి వృత్తాంతము కలదు. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా కొనిపోవుటకు వచ్చియున్నాడు. ఇంటిలో కొంచెము నూనె తప్ప మరేమియు లేదు. అట్టి దినమున ఎలీషా ప్రవక్త ఆమెకు చెప్పిన మొదటి పని ఉపవాసము కాదు. ఇరుగుపొరుగు ఇండ్లన్నిటికి పోయి ఖాళీ పాత్రలు ఎరవు తెచ్చుకొమ్మనెను. అవియు కొన్ని కాదు, అనేకము. తలుపు మూసికొనుట ఆ తరువాతి మాట. ఈ భాగముపై జరుగు ప్రసంగములలో నూనెను గూర్చి విస్తారముగా వినబడును గాని పాత్రలను గూర్చి అంతగా వినబడదు. ఇచ్చినవారెవరో గ్రంథము చెప్పదు. బయలు పూజ ఇంకను మాసిపోని ఇశ్రాయేలు రాజ్యమది. ఆ పాత్రలిచ్చిన ప్రతి యిల్లును ఎలీషా దేవునికి మ్రొక్కు ఇల్లేయని తలంచుటకు ఆధారము లేదు. నూనె దేవుడు ఇచ్చెను, అది పట్టిన పాత్రలు ఇరుగుపొరుగువి. పాత్రలు అయిపోగానే నూనె నిలిచిపోయెను.

పాత్ర అడుగబోయిన స్త్రీ తన యింటి లేమిని ఎదురింటివారికి చూపవలసివచ్చును. ఇచ్చు చేయి పైన ఉండును, పుచ్చుకొను చేయి క్రింద ఉండును. సంవత్సరమునకొకసారి ఇరువది ఇండ్లకు కేకు పంచి, తాను మాత్రము ఎవరి గుమ్మమునను దేనికొరకును నిలువని కుటుంబము, తెలియకయే పై చేయిగా ఉండగోరుచున్నది. పాలకు తోడు వేయుటకు చెంచాడు పెరుగు, పోపునకు రెండు కరివేపాకు రెబ్బలు, జ్వరపు బిడ్డకు థర్మామీటరు - ఇట్టివి అడిగి తెచ్చుకొనుట ఒకప్పుడు ఇండ్లను కలిపి ఉంచెను. ఇప్పుడు నగరములలో పది పదిహేను నిమిషములలో ఏ సరకైనను గుమ్మమునకు చేరుచున్నది. అది సౌకర్యమే. దానితోపాటు తలుపు తట్టుటకున్న సాకు కూడ తొలగిపోయినది. కావున ఇకమీదట తెలిసి, కోరి అడుగవలసివచ్చును. వినుటకు ఇది వింతగా ఉండవచ్చును గాని, సుఖారు బావియొద్ద ప్రభువు చేసినది అదియే. ఆయన ఆ సమరయ స్త్రీతో మొదట జీవజలమును గూర్చి చెప్పలేదు, దాహమునకు నీళ్లడిగెను. ఆయనయొద్ద చేదుకొనుటకు ఏమియు లేదు. ఆమె కుండయే దిక్కు. యూదుడు సమరయుల పాత్ర ముట్టడని ఎరిగిన ఆమె ఆశ్చర్యపడెను. ఎవరి పాత్రలో ఎవరు త్రాగవచ్చును, ఎవరి దోసిట ఎత్తునుండి నీళ్లు పోయవలెను అను సంగతులు తాతల నోట విన్న తెలుగు క్రైస్తవునికి ఆ ఆశ్చర్యమును ఎవరును వివరింపనక్కరలేదు. అందుచేతనే ఎదురింటి గిన్నె అడుగుట అతనికి ఇతరులకంటె కష్టము. "కాదు" అను మాట వచ్చునేమో అను భయము అతని యెముకలలో ఉన్నది. ఆ భయమును తక్కువచేసి మాటలాడుట న్యాయము కాదు. అడిగినప్పుడు ఎదురింటివారు ఆలోచింపక గిన్నె చేతిలో పెట్టినయెడల, ఆ మెట్లపై ఎంత గొప్ప కార్యము జరిగినదో వారికి తెలియకపోవచ్చును, అతనికి తెలియును.

మంచి సమరయుని ఉపమానమును క్రైస్తవులు చదువునప్పుడు తాము సమరయుని స్థానమున నిలుచుట అలవాటైనది. గాయపడినవాడు ఎవరో పరాయివాడు. నూనెయు ద్రాక్షారసమును తమయొద్ద ఉన్నవి. కాని ఆ కథ విన్న ధర్మశాస్త్రోపదేశకుడు సమరయుడు కాడు. తన వారైన యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోవగా, తాను హీనముగా ఎంచు మతస్థుని చేతులలో ప్రాణము నిలుపుకొనిన మనుష్యుని యందు అతడు తన్ను తాను చూచుకొనవలసియుండెను. ఎవని ప్రేమింపవలెనని అతడు అడుగగా, ఎవనిచేత ప్రేమింపబడుటకు నీవు ఒప్పుకొందువని ప్రభువు అడిగినట్లున్నది.

ఈ ప్రశ్న తెలుగు క్రైస్తవ గృహమునకు వినాయక చవితినాడు ఉండ్రాళ్ల పళ్లెముతో వచ్చును. పళ్లెము తెచ్చిన పొరుగింటి బిడ్డ గుమ్మములో నిలిచియున్నది. ఏమి చేయవలెను? దీనిని గూర్చి విశ్వాసులలో భిన్నాభిప్రాయములు కలవు. ఒకరు పుచ్చుకొని తినెదరు, మరియొకరు పుచ్చుకొని పనిమనిషికి ఇచ్చెదరు (ఇది అన్నిటికంటె హీనమైన మార్గము, పొరుగువారిని మోసగించుటయు, పనిమనిషిని చిన్నచూపు చూచుటయు దానిలో కలిసియున్నవి), ఇంకొకరు తలుపు సగము తెరచి వద్దని చెప్పి పంపెదరు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదియవ అధ్యాయములో చెప్పినది జాగ్రత్తగా చదువదగినది. విగ్రహారాధనకు దూరముగా పారిపొమ్మని అతడు ఖండితముగా చెప్పెను. అయినను అవిశ్వాసి భోజనమునకు పిలిచినయెడల వెళ్లుటకును, వడ్డించినదానిని విచారణ చేయక తినుటకును అనుమతించెను. ఇది అర్పింపబడినదని ఎవడైన చెప్పినయెడల మాత్రము, చెప్పినవాని మనస్సాక్షి నిమిత్తము మానివేయుమనెను. పౌలు దృష్టి పదార్థముపై ఉన్నదానికంటె మనుష్యునిపై ఎక్కువగా ఉన్నది. కావున ప్రసాదము తినలేని విశ్వాసి తినకుండ ఉండుటలో నింద లేదు. కాని తినకపోవుట ఒకటి, పళ్లెముతోపాటు మనుష్యుని త్రిప్పి పంపుట మరియొకటి. స్వయముగా వెళ్లి, కూర్చుండి, తన మనస్సాక్షిని గూర్చి నెమ్మదిగా చెప్పి, వారి యింటి కాఫీ త్రాగి వచ్చుటకు అరగంట పట్టును. చాలమంది ఆ అరగంటను ఇయ్యరు.

అట్లు చెప్పినచోట్ల ఏమి జరిగినదో తెలుగునాట అనేక కుటుంబములు ఎరుగును. మరుసటి పండుగనాడు పొరుగింటామె గిన్నె తెచ్చి, "దేవుడికి పెట్టకముందే మీకోసం వేరుగా తీశానండీ" అని చెప్పును. ఆ మాటను గూర్చి ఆగి ఆలోచింపవలెను. తెల్లవారుజామున లేచి, మడి కట్టుకొని, నైవేద్యము పెట్టువరకు ఎవరును ముట్టకూడదను నియమము నడుమ, తన దేవుని నమ్మని యింటివారి మనస్సాక్షి నిమిత్తము ఆమె ఒక గిన్నె ముందుగా ప్రక్కకు తీసెను. తన ఆచారమును అంతమేరకు సడలించుకొనెను. పౌలు కొరింథులోని విశ్వాసులకు నేర్పజూచిన సున్నితత్వము ఆ వంటయింటిలో ఉన్నది. ఆ గిన్నెను తిరిగి ఖాళీగా పంపకూడదని తెలుగు ఇల్లాండ్రందరికి తెలియును.

ప్రేమ ఎంత మంచిదైనను పెద్ద గొంతుతో చేయకూడదు. వేకువనే లేచి గట్టి స్వరముతో పొరుగువానిని దీవించువాని దీవెన శాపముగా ఎంచబడునని సామెతల గ్రంథము ఇరువది యేడవ అధ్యాయము హెచ్చరించుచున్నది. అపార్టుమెంటు గోడ మందము నాలుగు అంగుళములో తొమ్మిది అంగుళములో. ఆ గోడ ప్రక్కన మైకు పెట్టి రాత్రి ప్రార్థన జరిపించువారు ఈ వచనమును వాక్యధ్యానములో చేర్చుకొనుట మేలు.

పొరుగువారు ఎవరన్న ప్రశ్న ఫ్లాట్ల నంబర్లతో ముగియదు. సెల్లారులో లిఫ్టు గది ప్రక్కన, మెట్ల క్రింద, ఒక చిన్న గదిలో వాచ్‌మన్ కుటుంబముతో కాపురముండును. అనేక చోట్ల అతడు జిల్లాలనుండి వలసవచ్చినవాడు. భార్య పై అంతస్తులలో అంట్లు తోమును. అసోసియేషను సమావేశములో అతని జీతము ఐదు వందలు పెంచు విషయము ఒక గంట చర్చింపబడి వాయిదాపడును. పనివారు ఈ లిఫ్టు ఎక్కరాదని కాగితము అంటించిన భవనములును కలవు. ఆ కాగితము అంటింపబడిన దినమున లోపల ఉన్న క్రైస్తవ సభ్యుడు ఏమి మాటలాడెను అనునది, అతని కుటుంబ ప్రార్థన ఎంతసేపు జరుగునన్నదానికంటె పెద్ద ప్రశ్న. క్రొత్త యిల్లు కట్టినవాడు ఎవడును పడి చావకుండునట్లు పైకప్పునకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము ఇరువది రెండవ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఆ పైకప్పు మీదికి ఎవరు ఎక్కుదురో, వారు ఏ మతస్థులో ఆ ఆజ్ఞ అడుగలేదు. మేడపై పిట్టగోడ, తిరుగుచున్న లిఫ్టు, మెట్లపై వెలుగుచున్న దీపము, కడిగిన నీటి ట్యాంకు - అసోసియేషను పనులను విసుగు పుట్టించు లోకసంబంధమైన పనులుగా ఎంచి తప్పించుకొను భక్తులు ఆ ఆజ్ఞను ఇంకొకసారి చదువవలెను. ఎవరును కోరని కార్యదర్శి పదవిని తీసికొని, రెండు సంవత్సరములు లెక్కలు సరిగా వ్రాసి, మాటలు పడి, ఓర్చుకొనిన విశ్వాసి చేసిన పరిచర్యకు సంఘములో పేరు లేదు. ఉండవలసినది.

2015 డిసెంబరు మొదటి దినములలో చెన్నైలో అడయారు నది పొంగినప్పుడు అనేక అపార్టుమెంట్లలో క్రింది అంతస్తు నీట మునిగెను. ఆ నగరములో తెలుగువారును విస్తారముగా ఉన్నారు. కరెంటు పోయెను, ఫోనులు పలుకలేదు. దూరమున ఉన్న అన్నదమ్ములు ఏమియు చేయలేకపోయిరి. క్రింది అంతస్తువారు పరుపులు, బియ్యము, వృద్ధులను మోసికొని పై అంతస్తుల తలుపులు తట్టిరి, తలుపులు తెరవబడెను. దూరపు సహోదరునికంటె దగ్గరి పొరుగువాడు మేలని సామెతల గ్రంథకర్త చెప్పినదానికి ఆ రాత్రులు వ్యాఖ్యానము. పండుగ వంటలు పంచుకొన్నవారును, ఏనాడు పలుకరించుకొననివారును ఒకే గదిలో చాపలు పరచుకొనిరి. నాలుగు సంవత్సరములు దాటిన తరువాత, 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌను వచ్చినప్పుడు, విదేశములలో బిడ్డలున్న వృద్ధ దంపతులకు రక్తపోటు మాత్రలు తెచ్చి గుమ్మమున పెట్టినవారు ఎక్కువగా ప్రక్క ఫ్లాటువారే.

వరదయు వ్యాధియు ప్రతిదినము రావు. తాళపుచెవి ప్రతిదినము ఉండును. ఊరికి పోవువారు, ఒంటరిగా నివసించు వృద్ధులు తమ యింటి రెండవ తాళపుచెవిని ఎవరికో ఒకరికి అప్పగించుదురు. రాత్రి రెండు గంటలకు గుండెలో నొప్పి వచ్చినయెడల తలుపు తెరచి లోపలికి రాగలవాడు ఆ చెవి ఉన్నవాడే. పది మైళ్ల దూరమునున్న సంఘ సభ్యుని యింటిలో దానిని ఉంచి రావచ్చును. అతడు నమ్మదగినవాడు, ఒకే బల్లయొద్ద రొట్టె విరుచువాడు. లేదా ఎదురింటి నరసమ్మగారి చేతికో, ప్రక్కింటి రహీంగారి చేతికో ఇయ్యవచ్చును. ఇచ్చిన తరువాత వారు ఆ యింటిలోనికి ఎప్పుడైనను రాగలరు. ఆరబెట్టని బట్టలను, తోమని గిన్నెలను చూడగలరు. కరపత్రము ఇచ్చుటకు ధైర్యము చాలినవారందరికి ఈ ధైర్యము చాలుటలేదు.